బదులు మనిషి

ఆయన ఆ కంపెనీకి మూడు నెలల పని మీద వెళ్లారు. అది పదకొండేళ్ల కిందటి మాట.

ఆ కంపెనీ కుళాయిలు తయారుచేస్తుంది. కుళాయి ఎలా బిగించాలో, బిగించాక ఎలా పరీక్షించాలో, పరీక్షలో కారిన కుళాయిని ఏ రంగు డబ్బాలో పడేయాలో అంతా కాగితం మీద ఉండాలని సరుకు కొనే పెద్దమనిషి ఎవరో పట్టుబట్టాడట. ఆ కాగితాలు రాసిపెట్టడానికి ఆయన్ని కన్సల్టెంటుగా పిలిచారు. ఆయన రాశారు. రాసినవాటిని ఎలా చదవాలో చెబుతూ ఇంకో కాగితం రాయమన్నారు. అదీ రాశారు. ఇలా రాస్తూ ఉండగా జుట్టు నెరిసింది.

అయినా ఆయన ఉద్యోగి కాదు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కన్నా ముందు ఈ సంగతి అందేది. "నేను ఎవరి కిందా పనిచెయ్యనండీ. వాళ్లు నా సలహా తీసుకుంటారు, అంతే" అనేవారు. ఆ మాట మొదలయ్యేసరికి ఆయన భార్య వంటింట్లోకి వెళ్లిపోయేది. వంటింట్లో ఆవిడకి పనేమీ ఉండేది కాదు. ఒక స్కూలు ఆఫీసులో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా చేసి, రెండేళ్ల కిందటే రిటైరైంది ఆవిడ. "గంట కొడితే లేచేదానివి, గంట కొడితే కూర్చునేదానివి" అని ఆయన జాలిపడుతూ ఉండేవారు.

ఆవిడ తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగి. అతని మీద ఇంకా ఎక్కువ జాలిపడేవారు. అతను మాత్రం మిగిలిపోయిన సెలవుల లెక్క వేళ్ల మీద చెప్పి, వాటిని ఎక్కడ ఖర్చుపెట్టాలో తోచట్లేదని బావగారి దగ్గర బాధపడేవాడు.

ఇంతలో మోకాలు వచ్చింది. కుడి మోకాలు.

కంపెనీ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మెట్లు అరవై నాలుగు. లిఫ్టు ఉంది కానీ అది విజిటర్లకీ, డైరెక్టర్లకీ. ఉద్యోగుల్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు చీటీ చూపించి పాసు తీసుకోవచ్చు. ఆయన ముందు లిఫ్టు దగ్గరున్న సెక్యూరిటీని అడిగారు. "మీరు రోజూ వస్తారు కద్సార్, రోజూ వచ్చేవాళ్లు విజిటరెలా అవుతారు?" అన్నాడతను. న్యాయమే. పాసు కోసం సిబ్బంది మేనేజరు దగ్గరికి వెళ్లారు. ఆ మేనేజరుని ఆఫీసంతా ఫారాలాయన అంటుంది. ఏం అడిగినా ఒక ఫారం తీసి చేతిలో పెడతాడు. ఆరోజు మాత్రం ఫారం తీయలేదు. "పాసు ఉద్యోగులకి కదండీ, మీరు స్వతంత్రులు" అన్నాడు గౌరవంగా. స్వతంత్రుడు రెయిలింగు పట్టుకుని అరవై నాలుగు మెట్లూ ఎక్కారు.

డాక్టరు ఆపరేషన్ అన్నాడు. తరవాత ఆరు వారాలు ఇంట్లోనే ఉండాలన్నాడు. ఒప్పందంలో ఏడో షరతు ఏమంటుందంటే, పది పనిదినాలు వరసగా రాకపోతే ఒప్పందం దానంతటదే రద్దు. ఆయన మళ్లీ ఫారాలాయన దగ్గరికి వెళ్లి, ఆరు వారాలు సెలవులాంటిదేమైనా దొరుకుతుందా అని నీళ్లు నమిలారు. అతను లేచి నిలబడి మరీ చెప్పాడట. "మీరు సెలవడగడమేంటి సార్. మీకు సెలవివ్వడానికి మేమెవరం?"

ఆ మాట ఆయన ఇంటికొచ్చి ఆవిడకి చెప్పినప్పుడు, అందులో ఉన్న గౌరవానికి ఇంకా కొంచెం సంతోషంగానే ఉన్నారు. ఆవిడ ఆయన కాలు కిందకి చిన్న స్టూలు జరిపి, ఆరు వారాల తరవాత ఆ కుర్చీ ఉంటుందా అని అడిగింది. యాభై ఎనిమిదేళ్ల కన్సల్టెంటుని కొత్తగా ఎవరు పిలుస్తారు? మొదటి ఏడాది ఆయనకి నాలుగు కంపెనీలుండేవి. రెండో ఏడాదికి రెండయ్యాయి. ఆ తరవాత ఈ ఒక్కటే మిగిలింది. మిగతా మూడూ విజిటింగు కార్డు మీద మాత్రం ఉన్నాయి.

అలా నాలుగు నెలలు మోకాలికి కట్టు కట్టుకుని మెట్లెక్కారు. సాయంత్రం ఇంటికొచ్చి, ఆవిడ వేడినీళ్ల సంచీ పెడుతుంటే, కళ్లు మూసుకుని స్వాతంత్ర్యం గురించి మాట్లాడటం కూడా తగ్గించేశారు. అప్పుడు భయం వేసింది ఆవిడకి.

ఒక ఆదివారం ఆవిడ కార్మిక శాఖకి అర్జీ రాసింది. ఫలానా కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఈయన ఉద్యోగియా, బయటి మనిషా తేల్చి చెప్పవలసిందిగా ప్రార్థన. ఇరవై ఆరేళ్లు అర్జీలు చదివిన మనిషి కాబట్టి ముప్పావు పేజీలో ముగించింది. సంతకానికి ఆయన ముందు పెట్టింది. ఉద్యోగి అని తేలితే సెలవొస్తుంది, కుర్చీ ఉంటుంది అని చెప్పింది. ఆయన రెండు రోజులు ఆ కాగితం వైపు చూడలేదు. మూడో రోజు బాత్రూములో కాలు మడత పడింది. బయటికొచ్చి సంతకం పెట్టారు.

"నేనడగట్లేదు సుమా" అన్నారు పెన్ను మూతపెడుతూ. "వాళ్లకే సందేహం ఉంటే తీర్చుకోనీ."

నెల తిరక్కుండానే కార్మిక శాఖ నుంచి కంపెనీకి ఉత్తరం వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఫలానా తారీఖున వస్తాడని, రికార్డులు సిద్ధంగా ఉంచమని.

ఆ సాయంత్రం ఆయన కంపెనీ కారులో ఇంటికొచ్చారు. పడిపోయారేమోనని ఆవిడ గుమ్మంలోకి పరిగెత్తింది. కారు దిగిన మనిషి మొహం వెలిగిపోతోంది. కంపెనీ లాయరు గదిలోకి పిలిచి, విజిటర్లకిచ్చే గాజు కప్పులో టీ ఇప్పించి, అర్జీ గురించి ఒక్క మాట కూడా అనలేదట. తొమ్మిదో షరతు చదివి వినిపించాడట. కన్సల్టెంటు తాను రాలేని రోజున తన బదులు తగిన మనిషిని పంపవచ్చును.

"ఉద్యోగి అలా పంపలేట్ట. నేను పంపగలనట. నా స్థాయి మనిషికే అది కుదుర్తుందట" అన్నారాయన.

విషయం ఏమిటంటే, ఆ హక్కు పదకొండేళ్లలో ఒక్కసారీ వాడలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున వాడి చూపిస్తే, ఆయన స్వతంత్రుడని అనుమానం లేకుండా తేలిపోతుంది. అలా తేలితే కంపెనీ నిశ్చింతగా ఉంటుంది. నిశ్చింతగా ఉన్న కంపెనీ, ఆరు వారాల తరవాత ఆయన్ని మళ్లీ పిలుస్తుంది. లాయరు మాటిచ్చాడు.

"కాగితం మీద రాసిచ్చాడా?" అంది ఆవిడ.

కారిన కుళాయిని ఏ రంగు డబ్బాలో వేయాలో కాగితం మీద రాసిన మనిషి నొచ్చుకున్నారు. "అన్నీ కాగితం మీదే ఉండాలా? మనుషులన్నాక నమ్మకం ఉండదూ?"

ఇక బదులు మనిషి కోసం వెతుకులాట మొదలైంది. పాత కన్సల్టెంటు స్నేహితుడికి ఫోను చేస్తే, అతను ఎప్పుడో ఉద్యోగంలో చేరిపోయాడని, సెలవు దొరకదని తెలిసింది. ఇంకొకడు తన రోజు కూలి ఎంతో చెప్పాడు. ఈయన ఫోను పెట్టేశారు. బావమరిది మాత్రం ఉత్సాహపడ్డాడు. "సెలవులు నా దగ్గర కుప్పలుగా ఉన్నాయి బావా. నీ కుర్చీలో ఒక్కరోజు స్వతంత్రంగా కూర్చుంటా" అన్నాడు. కానీ బయట పనిచేయకూడదని వాళ్ల ఆఫీసు రూలు. అతను బాధపడి, బాధలో ఒక టీ అడిగి తాగి వెళ్లాడు.

"నేను వెళ్తా" అంది ఆవిడ.

ఆయన తొమ్మిదో షరతు మళ్లీ తీసి చదివారు. ఒప్పందంలో తగిన మనిషి అని ఉంది. రిజిస్టర్లు రాయడం ఆవిడకొచ్చు. చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మరుక్షణం కూర్చుని నాలుగు పేజీల విధానం రాసిచ్చారు. బదులుగా వెళ్లు వ్యక్తి పాటించవలసిన నియమములు. అందులో రెండో పేజీ మూడో అంశం, సొరుగులు అనవసరంగా తెరవరాదు. నాలుగో అంశం, ఎవరేమన్నా నవ్వరాదు.

ఆరోజు ఆవిడ ఆయన బ్యాగు, ఆయన గొడుగు, ఆ నాలుగు పేజీలూ పట్టుకుని బయల్దేరింది. సాయంత్రం నాలుగున్నరకి ఆసుపత్రిలో ఆపరేషన్ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు ఉంది. తేదీ ఖాయం చేయాలి. నేరుగా అక్కడికి వచ్చేయమని ఆయనకి చెప్పింది.

గేటు దగ్గర ఎవరు కావాలమ్మా అన్నాడు సెక్యూరిటీ.

"ఎవరూ వద్దు బాబూ. మా ఆయన బదులు వచ్చాను."

అతను కాసేపు ఆలోచించి ఆవిడకి విజిటర్ బ్యాడ్జి ఇచ్చి, లిఫ్టు తలుపు తీసి పట్టుకున్నాడు. లిఫ్టులో అద్దం ఉంది. ఎవరైనా అలిసిపోతారేమోనని మూల ఒక కుర్చీ కూడా ఉంది. ఎవరూ కూర్చున్న గుర్తు లేదు, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మూడంతస్తులు ఎక్కేలోగా ఆవిడ ఆ కుర్చీ వైపు చూస్తూ నిలబడింది.

పైన మొదట ఎదురైంది బొటనవేలి మిషను. హాజరు వేయమన్నారు. ఆవిడ వేలు దానికి తెలియదు. "సార్ అయితే ఎనిమిదీ నలభైకల్లా వేసేస్తారు" అన్నాడు ఫారాలాయన, కొంచెం మందలింపుగా. కన్సల్టెంటు తనకి ఇష్టమొచ్చిన వేళకి వెళ్తాడని ఆవిడ పదకొండేళ్లుగా వింటూ వచ్చింది. ఆయనకి రోజూ ఒకే వేళకి ఇష్టం రావడం క్రమశిక్షణ అనుకుంది.

ఆయన సీటు కిటికీ పక్కన. కుర్చీ మీద ఇంటి దిండు, ఎప్పుడో పోయిందనుకున్నది. గోడ మీద పుట్టినరోజుల జాబితాలో ఆయన తారీఖు ఉంది. పక్కనే ఒక గ్రూపు ఫొటో. పదేళ్ల సేవ పూర్తిచేసినవాళ్లు అని కింద రాసుంది. రెండో వరసలో కంపెనీ చొక్కా తొడుక్కుని, మెడ కొంచెం సాగదీసి ఆయన. ఆ చొక్కా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం వెతికితే అడుగు సొరుగులో మడతపెట్టి దొరికింది. నియమాల రెండో పేజీ మూడో అంశం అప్పటికే మంటగలిసింది.

సలహా తీసుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. పని చెప్పడానికి వచ్చారు. కారిన కుళాయిల రిజిస్టరు భోజనాల వేళకల్లా కావాలని ఒకాయన బల్ల మీద పడేసి వెళ్లాడు. ప్రింటరు పలకడం లేదని ఒకమ్మాయి వచ్చింది. "సార్ దాని వెనక ఒక్కటిస్తారు, పన్జేస్తుంది" అంది. ఆవిడ వెళ్లి వెనక ఒక్కటిచ్చింది. పనిచేసింది. స్కూల్లో ప్యూను కూడా ఇలా ఎవరు ఏ పని చెప్పినా చేసేవాడు. అతన్ని చూసి జాలిపడేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు.

గుండుసూదుల కోసం మధ్య సొరుగు లాగితే ఫైలు కనపడింది. అట్ట మీద ఆయన గుండ్రటి చేతిరాతలో "సెలవులు" అని ఉంది. లోపల పద్నాలుగో నంబరు ఫారాలు, తేదీల వారీగా. ఫారం అడుగున చిన్న అక్షరాల్లో తయారుచేసినది ఎవరో రాసుంది. ఆయనే. ఉద్యోగులు సెలవు ఎలా అడగాలో నేర్పడానికి నమూనాగా మొదటి ఫారం ఆయనే నింపినట్టుంది. ఆ నమూనాని ఎవరూ ఆపలేదు. అది పదకొండేళ్లు సాగింది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది.

కారణం: భార్యకు తలనొప్పి. కారణం: భార్యకు తలనొప్పి. కారణం: భార్యకు తీవ్రమైన తలనొప్పి. ఆవిడ వేలు తడిచేసుకుంటూ లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. అత్తగారి పరిస్థితి విషమంగా ఉంది అని మూడుసార్లు. ఆ అత్తగారు, అంటే ఆవిడ తల్లి, ఆయన ఈ కంపెనీ మొహం చూడకముందే పోయింది. బయటి మనిషిగా ఏ రోజైనా మానేసే హక్కున్న మనిషి, ఇంట్లో పడుకోవాలనిపించిన ప్రతిసారీ భార్యని మంచాన పడేశాడు. ప్రతి ఫారం కిందా ఫారాలాయన సంతకం. అనుమతించడమైనది.

మూడేళ్ల కిందటిది ఒకటి వేరుగా ఉంది. భార్యను ఆసుపత్రికి తీసుకువెళ్లవలెను. దాని వెనక ఆసుపత్రి చీటీ పిన్ను చేసి ఉంది. చీటీ ఆవిడది కాదు. ఆయనది. కుడి మోకాలు, స్కానింగు, మిగతా పరీక్షలకి వచ్చే వారం రావలెను. ఆవిడ పేజీ తిప్పింది. వచ్చే వారం ఫారం కూడా ఉంది. అదే కారణం. కింద సంతకం పక్కన ఎర్ర సిరాతో రెండు మాటలు. పని ఒత్తిడి. అనుమతి లేదు.

తరవాతి ఫారం ఐదు నెలల తరవాతిది. మళ్లీ తలనొప్పి.

మోకాలు ఈ ఏడే వచ్చిందని ఆవిడ అనుకుంటోంది. మూడేళ్లుగా ఉంది. చూపించుకోవడానికి అడిగాడు. వద్దన్నారు. ఊరుకున్నాడు. ఊరుకుని ఇంటికొచ్చి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఉద్యోగం బానిసత్వమని చెప్పాడు.

ఆవిడ ఫైలు ఎలా ఉన్నది అలాగే పెట్టి సొరుగు మూసింది. ఇది బయటపెడితే ఆఫీసంతా ఆయన అబద్ధాలు చదువుతుంది. పైగా లాయరు ఇచ్చిన మాట పోతుంది. ఆ మాట ఎంత గట్టిదో తెలియదు కానీ, ప్రస్తుతానికి మోకాలికి ఉన్నది అదొక్కటే.

రెండు గంటలకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. పొద్దుటినుంచి ఇది నాలుగో కంపెనీ అని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. మీటింగు గదిలో ఒక వైపు లాయరు, ఫారాలాయన, ఇంకోవైపు ఆవిడ కూర్చున్నారు. లాయరు ఆవిడని పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించాడు. చూడండి సార్, ఈయన తన బదులు మనిషిని పంపుకోగల స్వతంత్రుడు, ఇలాంటి వెసులుబాటు ఉద్యోగికి ఎక్కడుంటుంది అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆవిడని ఎగాదిగా చూశాడు. "ఈవిడ మాటకి ఎంతవరకు విలువ?"

"పూర్తిగా సార్. ఈరోజు ఈవిడ చెప్పింది ఆయన చెప్పినట్టే" అన్నాడు లాయరు ధీమాగా. ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకున్నాడు.

ప్రశ్నలు ఇరవై రెండు. ఎన్నింటికి వస్తారు, ఎవరు చెబితే వస్తారు, పని ఎలా చెయ్యాలో ఎవరు చెప్తారు, ఇంకెక్కడైనా చేస్తారా, నష్టమొస్తే ఎవరిది. చాలావాటికి లాయరే అందుకుని ఆయనిష్టం, ఆయనిష్టం అన్నాడు. పనిముట్లు ఎవరివి అన్నప్పుడు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి అతన్ని ఆపి ఆవిడ వైపు చూశాడు. కంప్యూటరు కంపెనీదని చెప్పింది.

"కుర్చీ?"

"కంపెనీదేనండి. దిండు మా ఇంటిది."

ఇన్‌స్పెక్టరు రెండూ రాసుకున్నాడు. అతని మొహంలో మార్పేమీ లేదు. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర ఆవిడ గడియారం చూసింది. మూడూ నలభై. తను నాలుగింటికల్లా బయల్దేరాలని, ఆసుపత్రిలో పనుందని చెప్పింది. లాయరు ముచ్చటపడ్డాడు. "తప్పకుండా మేడమ్. మిమ్మల్ని ఆపడానికి మేమెవరం?"

ఫారాలాయన మాత్రం అప్పటికే లేచాడు. పద్దెనిమిదేళ్లుగా ఎవరైనా ముందు వెళ్లాలి అనగానే లేచే మనిషి, లాయరు వాక్యం పూర్తయ్యేలోగా వెళ్లి వచ్చేశాడు. ఆవిడ ముందు ఒక కాగితం, దాని మీద ఒక పెన్ను పెట్టాడు.

"గంట ముందెళ్తున్నారు కదండీ, ఇది నింపి వెళ్లండి. సార్ కూడా ఎప్పుడూ నింపుతారు."

లాయరు ఫ్యాను వైపు చూశాడు. ఫారాలాయన, తను చేసిన పనిలో తప్పేమిటో తెలియక, ఫారం తలకిందులుగా పెట్టానేమోనని తిప్పి పెట్టాడు.

"ఎప్పుడూ అంటే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అది ఉత్త మర్యాద సార్, పెద్దమనిషి కాబట్టి చెప్పి వెళ్తారు, అంతకన్నా ఏమీ లేదు అని లాయరు గబగబా అందుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, ఆవిడ వైపు తిరిగాడు. "ఆయన బదులు మీరున్నారు కదమ్మా. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

లేవని చెప్పొచ్చు. లేవంటే లాయరు సంతోషిస్తాడు, ఆయన సంతోషిస్తారు, ఆవిడ ముప్పై ఒక్క తలనొప్పులూ సొరుగులో భద్రంగా ఉంటాయి. ఆరు వారాల తరవాత పిలుస్తారేమో. పిలిస్తే మళ్లీ అరవై నాలుగు మెట్లు. పిలవకపోతే ఎవరిని అడగాలి? ఎర్ర సిరా గుర్తొచ్చింది. ఆ రెండు మాటలూ రాసిన పెన్నే ఇప్పుడు తన ముందుందేమోననిపించింది.

"ఉన్నాయండి" అంది ఆవిడ. "తేదీల వారీగా ఉన్నాయి."

వెళ్లి ఫైలు తెచ్చి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది. "అందులో నా తలనొప్పులు నమ్మకండి. అనుమతి లేదన్నది మాత్రం నిజం" అంది.

ఆ తరవాత కూర్చుని, తన ముందున్న ఫారం నింపింది. కారణం: భర్తకు మోకాలు. లాయరు కాలు తొక్కుతున్నా గమనించకుండా ఫారాలాయన, చెయ్యి అలవాటు కొద్దీ, అనుమతించడమైనది అని సంతకం పెట్టాడు. దాని నకలు ఒకటి కావాలన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆసుపత్రి వరండాలో ఆయన కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ పక్కన కూర్చుని మొత్తం చెప్పింది, దాచకుండా. ఆయన ఎదురుగోడ మీద పళ్లు తోముకునే పద్ధతి బొమ్మలు మొదటినుంచి చివరిదాకా చూశారు.

"అందరూ చదివారా?"

"ముగ్గురే."

"నవ్వారా?"

"ఎవరూ నవ్వలేదు. నవ్వకూడదని రాశారుగా."

"లాయరు మాటిచ్చాడు" అన్నారు. మళ్లీ ఆయనే, "తలనొప్పులు కూడా చూపించావా?"

"ముప్పై ఒకటి."

"ఒకటి నిజమే."

"ఏదీ?"

ఆయన ఆలోచించారు. గుర్తు రాలేదు.

"స్కానింగు సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"చెప్తే రెండోసారి కూడా వెళ్లమంటావు. వెళ్లనివ్వలేదని చెప్పాలి." ఆయన కట్టు సర్దుకున్నారు. "ఇంట్లో ఏం చెప్పుకోను? నాకు సెలవివ్వలేదనా?"

లోపల్నుంచి నర్సు పిలిచింది. ఆవిడ లేచి చెయ్యిచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకోకుండా లేవబోయి, కుదరక పట్టుకున్నారు. డాక్టరు తేదీ అడిగితే, కార్మిక శాఖ నుంచి ఉత్తరం వచ్చాక చెప్తామంది ఆవిడ.

ఉత్తరం ఐదు వారాలకి వచ్చింది. ఈ ఐదు వారాలూ ఆఫీసులో ఆయనతో ఎవరూ ఏమీ అనలేదు. లాయరు నమస్కారం మానేశాడు. గాజు కప్పు మళ్లీ కనపడలేదు. రోజూ ఎనిమిదీ నలభైకి వేలు వేసి, మెట్లెక్కి, రిజిస్టరు రాసి దిగారు. ఉత్తరంలో రెండు పేజీల కారణాలున్నాయి. ఏ వేళకి రావాలో, ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లకూడదో కంపెనీయే నిర్ణయించినది. బదులు మనిషి ఒక్కరోజు వచ్చినా, ఆ బదులు మనిషి కూడా అనుమతి అడిగి వెళ్లవలసి వచ్చినది. కాబట్టి ఈయన చేరిన రోజు నుంచీ ఉద్యోగియే.

ఆయన చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివారు. పోయినవాళ్ల గురించి వచ్చిన కబురు చదివినట్టు చదివారు. "పదకొండేళ్లు" అన్నారు.

సాయంత్రం తమ్ముడొచ్చాడు. అక్క ముందే ఫోనులో హెచ్చరించింది కాబట్టి మొహం బిగబట్టుకునే వచ్చాడు. పక్కన కూర్చుని, సెలవుల్లో ఎన్ని రకాలున్నాయో, ఏది ముందు వాడుకోవాలో, ఏది చివరిదాకా దాచుకోవాలో ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. వెళ్లేముందు తమ్ముడు ఆగలేకపోయాడు.

"ఏమనుకోకు బావా. మొదట్లో అందరికీ కష్టంగానే ఉంటుంది. అలవాటైపోద్ది."

అతను వెళ్లాక ఆయన ఆఫీసు బ్యాగులోంచి పద్నాలుగో నంబరు ఫారం తీశారు. ఆరు వారాల వైద్య సెలవు. తారీఖులు వేశారు. కారణం దగ్గర పెన్ను ఆగింది. ఆ గడి మరీ చిన్నదిగా ఉందని, మనిషి కష్టం రాసుకోవడానికి రెండు అంగుళాలైనా వదలకుండా ఎవడు తయారుచేశాడిదని విసుక్కున్నారు. ఆవిడ ఫారం అడుగున ఉన్న చిన్న అక్షరాలు వేలితో చూపించింది. చెయ్యి అలవాటు కొద్దీ "భా" దాకా రాసింది. కొట్టేసి, పక్కన ఇరికించి రాశారు: నా కుడి మోకాలు.

మర్నాడే అది వెనక్కి వచ్చింది. అనుమతించడమైనది. నీలం సిరా. దాంతోపాటు లిఫ్టు పాసుకి ఇంకో ఫారం పంపాడు ఫారాలాయన. నింపి పంపితే పాసు రావడానికి ఆరు వారాలు పడుతుందని చీటీ పెట్టాడు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరాలి. సంచీ సర్దడం అయింది, రిపోర్టులన్నీ వరసగా పెట్టడం అయింది. ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, ఎనిమిదీ నలభై దాటడం గడియారంలో చూస్తున్నారు. చూసి ఆవిడ వైపు తిరిగారు.

"ఏంటలా ఉన్నావు? తలనొప్పా?"

"అవును" అంది ఆవిడ. నిజంగానే నొప్పిగా ఉంది, రాత్రంతా నిద్ర లేదు. ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, నమ్మాలో వద్దో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని మంచినీళ్లు తెచ్చివ్వడానికి లేవబోయారు. కూర్చోమని చెయ్యి చూపించి, ఆవిడే వెళ్లి తాగి, ఆటో పిలవడానికి బయటికి నడిచింది.